గేటు ముందు దండెం

ఆవిడని అందరూ తెల్లక్క అనేవారు. మనిషి చామనఛాయే, తెలుపంతా ఆవిడ ఉతికే దుప్పట్లలో ఉండేది. ఆసుపత్రివీ, రెండు లాడ్జీలవీ వాగు గట్టున ఉతికి, ఆరేసి, సాయంత్రానికి మడతలు పెట్టి పంపేది. పొద్దున్నే బండ తడిపేముందు వాగుకి ఓ నమస్కారం పెట్టుకునేది. "అన్నం పెట్టే తల్లి కదా, పలకరించకపోతే ఎలా?" అనేది. అమ్మానాన్నా పోయాక తమ్ముణ్ణి పెంచి పెళ్లి చేసింది ఆ నీళ్లతోనే.

ఆ తమ్ముడు వాగుకి ఎగువనున్న అద్దకం షెడ్డులో రంగులు కలిపేవాడు. ఆ వేసవిలో షెడ్డు యజమాని తొట్లు కడిగిన నీళ్లు తిన్నగా వాగులోకి వదిలేశాడు. ఆసుపత్రి దుప్పట్లకి నీలిమరకలు పడ్డాయి. తెల్లక్క వెళ్లి అడిగితే ఆయన నవ్వాడు.

"నీలిమందు నువ్వే ఎక్కువేసి ఉంటావు. చెయ్యి జారితే మాదా తప్పు?"

ఆవిడ వెనుదిరిగింది. ఇంటికొచ్చి నీలిమందు డబ్బా అటకెక్కించింది. నీలిమందు పెట్టక తెల్లదుప్పట్లు పాలిపోయాయి. లాడ్జీవాళ్లు సణిగారు. ఆసుపత్రి ఆయా మాత్రం, "తెలుపు చూసి రోగాలు తగ్గవులే అక్కా" అంటూ పాలిపోయినవి మూట అడుగున సర్దుకుని తీసుకెళ్లింది.

కొన్నాళ్లకి ఓ దుప్పటి ఎర్రగా తేలింది. తెల్లక్క దాన్ని మళ్లీ ఉతకలేదు. తడితడిగానే భుజానేసుకుని షెడ్డుకి వెళ్లింది. గేటు స్తంభం నుంచి వీధిదీపం దాకా తాడు లాగి దండెం కట్టి, దాని మీద ఆరేసింది.

"నీలిమందు ఎర్రబడిందేంటండీ, అయ్యగారూ?"

దారినపోయేవాళ్లు ఆగి నవ్వారు. యజమాని గొంతు తగ్గించాడు. "మీ ఇంట్లో కుళాయి వేయిస్తా. ఇక వాగు జోలికి రాకు."

"నాకు వేయిస్తారు సరే, చేపలక్కూడా వేయిస్తారా? దిగువ పేటంతా ఏ నీళ్లు తాగుతోందనుకున్నారు?"

ఆ సాయంత్రం తమ్ముడొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "నా పొట్ట కొడుతున్నావక్కా. నిన్ను ఆపకపోతే నన్ను మానిపించేస్తానన్నాడు."

"నీ పొట్టలోకి పోయేవీ ఆ నీళ్లేరా. మరదలు బిందె ఎక్కడ ముంచుతోందో చూశావా?" అంది. వాడు తల దించుకుని వెనుదిరగబోతే చెయ్యి పట్టుకుంది. "అలగడం తర్వాత. ముందు అన్నం తిను."

తిన్నాడు గానీ, చెయ్యి కడుక్కోగానే వెళ్లిపోయాడు.

దండెం ఆగలేదు. ఓ రోజు పచ్చ, ఓ రోజు పసుపు. ఆసుపత్రి ఆయా చిరిగిన దుప్పట్లు ఏరి పంపేది. షెడ్డు కాపలాదారు తన స్టూలు తెచ్చి తెల్లక్కకి వేసి, "నేను చూడలేదనుకో" అని అటు తిరిగి నిలబడేవాడు. మంచితనాన్ని దేవుడు ఎవరి చేతిలో దాస్తాడో చెప్పలేం.

చివరికి యజమాని తమ్ముణ్ణి గేటు దగ్గరికి పిలిచాడు. "పోయి ఆ తాడు విప్పు. విప్పకపోతే రేపట్నుంచి నీకిక్కడ పని లేదు."

తెల్లక్క స్టూలు మీంచి లేవలేదు. వాడు దీపస్తంభం దగ్గరికెళ్లి ముడి విప్పాడు. దుప్పటి కొస నేలకి జారబోయింది. వాడు తాడు బిగలాగి, రెండు చుట్లు తిప్పి, మళ్లీ కట్టాడు.

"ముడి వదులుగా ఉందక్కా. గాలొస్తే పడిపోతుంది."

ఆ పైన ఒంటిమీది రంగుల చొక్కా విప్పి దుప్పటి పక్కన ఆరేశాడు.

"ఇటియ్యరా, ఉతికిస్తాను" అంది ఆవిడ.

"ఉతకొద్దు. ఉండనీ."

మర్నాడు వాగు గట్టున ఆవిడ బండ పక్కన రెండో బండ తడిసింది. ఆ పూట నీళ్లు ఆకుపచ్చగా వచ్చాయి. అక్కాతమ్ముళ్లు దుప్పటి పిండి, చెరో కొసా పట్టుకుని షెడ్డు దారి పట్టారు.