గౌలిపురలో మెక్సికో గోడ

పక్కింటివాళ్లు ప్రహరీకి సున్నం వేయిస్తున్నారు. ఈ రోజుల్లో కూడా సున్నం వేయించేవాళ్లు ఉన్నారా అని అడక్కండి, ఉన్నారు, నా ఖర్మకొద్దీ నా కిటికీ పక్కనే ఉన్నారు. ముక్కులో చల్లగా మొదలై గొంతులో మంటగా దిగే ఆ తడి వాసన వస్తే అందరికీ పండుగ గుర్తొస్తుందట. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. ఎవరి మీద మండుతుందో చెప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

డెబ్భైల నడిమి సంవత్సరాల్లో మేము హైదరాబాద్ పాతబస్తీలో, గౌలిపురలో ఉండేవాళ్లం. ఇంకా చీకటి విడవకముందే బర్రెల మెడగంటలు, ఇత్తడి చెంబులో పాలధార పడే చప్పుడు, తడిసిన గడ్డి, పచ్చిపేడ, బొగ్గుల పొయ్యి మీద మరిగే చాయ్‌పత్తి, అన్నీ కలిసి మా గల్లీకి ఒకే వాసన ఉండేది. ఎండాకాలం ముంజలు, వానాకాలం నిప్పుల మీద కాల్చిన మక్కబుట్టలు, చలికాలం ఇంటింటా పెనం మీద చప్పుడు చేసే జొన్నరొట్టెలు. మధ్యాహ్నాలు మేము ఆడపిల్లలం కొట్టం నీడన గచ్చకాయలు ఆడుతుంటే, మల్లమ్మ పెద్దమ్మ రొంటిన దోపుకున్న పొగాకు సంచి తీసి, చిటికెడు నోట్లో వేసుకుని, మమ్మల్నీ బర్రెలనీ ఒకే గొంతుతో తిట్టేది. మల్లమ్మ పెద్దమ్మ మా అమ్మకు సొంత అక్క. ఆరు బర్రెలు ఆమెవి, గల్లీ పొడుగునా సాగిన ఆ కొట్టం గోడ కూడా ఆమెదే. బడి నుంచి వచ్చాక ఆ గోడకు పిడకలు చరచడం నా పని.

మా బాపు రైల్వే కార్ఖానాలో పెయింటర్. పెయింటర్ అనగానే ఏదో ఊహించుకోకండి. వ్యాగన్ల మీద తెల్ల అంకెలు రాయడమే ఆయన ఉద్యోగం. పొద్దంతా అంకెలు, ఏడాదంతా అంకెలు. ఇంటికొచ్చి సాసర్‌లో చాయ్ పోసుకుని ఊదుకుంటూ తాగుతూ, ఇంకో చేత్తో బొగ్గుముక్క పట్టుకుని బండల మీద మా ముఖాలు గీసేవాడు. మరుసటి రోజు అమ్మ కడిగేసేది. "సచ్చేలోపు ఒక్కటన్న నిలిచేది గీయాలె" అని ఆయన అంటే మేము నవ్వేవాళ్లం. అది ఆయనకున్న ఒకే ఒక్క కోరిక అని అప్పుడు ఎవరికి తెలుసు?

ఒకరోజు యూసుఫ్ చాచా ఒక లావుపాటి పుస్తకం తెచ్చాడు. చాచా అదే కార్ఖానాలో ఫిట్టర్, యూనియన్ మనిషి, ఎక్కడెక్కడి పుస్తకాలో ఆయన చేతికి వచ్చేవి. చాప మీద పరిచి పేజీలు తిప్పుతూ, "దేఖో భాయ్, గిది మెక్సికో. ఆడ పెద్ద లడాయి అయినంక సర్కారే పెయింటర్లకు గోడలిచ్చింది. రాజులయి వద్దు, కూలోళ్లయి గీయిండ్రన్నది. సదువు రానోడు గూడ చూసి సమజ్ చేసుకోవాలె" అన్నాడు. మేడంత ఎత్తు గోడల మీద మనుషులే మనుషులు. మూటలు మోసేవాళ్లు, గనుల్లోంచి పైకొచ్చేవాళ్లు, మోకాళ్ల మీద కూర్చుని రాతి మీద మక్కలు నూరే జడల ఆడవాళ్లు. దేవుడు లేడు, నగలు లేవు. ఆ నూరే ఆమె వీపు అచ్చం మల్లమ్మ పెద్దమ్మ వీపులాగే ఉంది. ఆ మాటే అన్నాను. బాపు నా వైపు చూసి, "నువ్వు చూసినవ్ బిడ్డా, నాకూ గదే కొట్టింది" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకున్న మాటల్లో ఇప్పటికీ గుర్తున్నది అదొక్కటే.

ఆ ఎండాకాలం బాపు పెద్దమ్మను గోడ అడిగాడు. "పిడకలు ఏడ కొట్టాలె మరి?" అని గునిసి, చివరికి ఇచ్చింది. రంగు కోసం కార్ఖానా ఎనామిల్ ఒక్క డబ్బా తెస్తే చాలని అమ్మ అంటే, సర్కారు రంగు మనకు పనికిరాదన్నాడు. తడి సున్నం మీద గీస్తే రంగు గోడలోకి ఇంకిపోతుందని, మెక్సికోలో అట్లాగే చేశారని చాచా పుస్తకం చూసి చెప్పాడు. ఇక రోజూ డ్యూటీ దిగి వచ్చి ఒకనాడు చేతివెడల్పు, ఒకనాడు బారెడు, ఆ పూటకు గీయగలిగినంత జాగాకే సున్నం పూసి, ఆరకముందే జాజు ఎర్రమన్ను, పసుపు మన్ను, బొగ్గు, నీలిమందు, అన్నీ వెన్నతీసిన పాలలో కలిపి గీసేవాడు. నుదుటి చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకునేవాడు కాదు. రెండు నెలలు పట్టింది. మొదట మా గల్లీ రిక్షా అన్న, తర్వాత ఎదురింటి తాపీమేస్త్రి, నడుమ బర్రె కింద గొంతుకూర్చుని పాలు పిండుతున్న మల్లమ్మ పెద్దమ్మ. ఆమె చేతులు మామూలు చేతులకు రెండింతలు, మోచేతుల దాకా పేడ మరకలు. చివర్లో నెత్తిన పేడతట్టతో నేను.

మొదలైంది లొల్లి!

"ఏంది మరిదీ గిది? పేడ చేతులతోని గీస్తవా నన్ను? మా ఇయ్యపురాలు చూస్తే ఏమనుకుంటది? పట్టుచీర గట్టు, మెడల కంటె ఎయ్యి" అంది పెద్దమ్మ.

"గా చేతులే గదా వదినె గౌలిపురకు చాయ్ తాపేది. కంటె అందరికి ఉంటది, గీ చేతులు ఎవలికున్నయ్?" అన్నాడు బాపు.

"కవిత్వం జెప్పకు. కంటె ఎయ్యి."

వేయలేదు. రిక్షా అన్న తనను కారులో కూర్చోబెట్టమన్నాడు. మేస్త్రి తన చేతికి గడియారం అడిగాడు. అమ్మ అయితే అమ్మవారి బొమ్మ గీయకుండా బర్రెను గీశాడని వారం మాట్లాడలేదు. ఎన్నికలు రాబోతుండగా ఒక పార్టీవాళ్లు వచ్చి గోడ మూలన తమ గుర్తు వేసి "బుక్" అని రాసిపోయారు. అట్లా రాస్తే ఆ గోడ ఇక వాళ్లది, ఇంటివాళ్లను అడిగే పద్ధతే లేదు. బాపు, చాచా కలిసి ఇద్దరు లీడర్ల ఇళ్ల చుట్టూ తిరిగి, బతిమాలి, పోట్లాడి ఆ గుర్తు తీయించారు. వాళ్ల మీద గెలిచాననుకుని ఆ రాత్రి బాపు మాకు జిలేబీ తెచ్చాడు.

నా సంగతి చెప్పాలి. బడిలో నా పేరు పోయింది. గల్లీలోంచి పోయే ప్రతి పిల్లా గోడ చూసింది. ఇక పొద్దున్నుంచి సాయంత్రం దాకా "పేడతట్ట, పేడతట్ట". ముక్కులు మూసుకుని నవ్వేవాళ్లు. నాకు పదేళ్లు. బాపు నన్ను ఎంత అందంగా గీశాడో, మెడ ఎంత నిటారుగా నిలబెట్టాడో నాకు కనబడలేదు, తట్ట ఒక్కటే కనబడింది. తట్ట తీసేసి పుస్తకం పెట్టమని ఏడిస్తే, "తట్ట మోసుడు తప్పా బిడ్డా?" అన్నాడు. అంత మొండి మనిషిని ఏం చేయాలి చెప్పండి!

ఆషాఢం వచ్చింది. బోనాలకు ముందు శనివారం మా గల్లీలో ప్రతి గోడకూ సున్నం పడాలి, కింద జాజు పట్టీ పడాలి. సున్నం పడని గోడ ఉన్న గడప అమ్మవారు తొక్కదని అందరి నమ్మకం. బాపు పొద్దుటి డ్యూటీలో ఉన్నాడు. ఆడవాళ్లందరూ బకెట్లు, నారకుంచెలు పట్టుకుని ఇల్లిల్లూ తెల్లగా చేసుకుంటూ వచ్చి కొట్టం గోడ దగ్గర ఆగిపోయారు. ఇన్నాళ్లూ కంటె కోసం సతాయించిన మల్లమ్మ పెద్దమ్మే, "బొమ్మలున్న కాడ ఇడిసిపెడుదాం. మరిది మనసు కష్టపడ్తది" అంది. అమ్మ కూడా తలూపింది. వినండి, వాళ్లు వదిలేద్దామనుకున్నారు.

నేను కుంచె ముంచాను. నా తట్ట మీద ఒక్క వేటు, నా ముఖం మీద రెండోది. అమ్మ నా రెక్క పట్టుకునేలోపే సున్నం కారి పక్కనున్న బర్రె మూతి మీద పడింది. "సగం గోడ ఇడిస్తే అమ్మవారికి గోసైతది, ఇగ కొట్టుండ్రి" అని పెద్దమ్మ గోడ మీది తన చేతులను తానే సున్నంతో తుడిచేసుకుంది. మధ్యాహ్నానికి గోడ తళతళలాడింది. మేము పాటలు కూడా పాడుకున్నాం.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. బాపు రచ్చ గెలిచి వచ్చాడు. సైకిలు స్టాండు వేయకుండానే నిలబడి చూశాడు. "పార్టీవాళ్లా?" అని అడిగాడు. తడిగుడ్డతో ఒక మూల రుద్దాడు. ఎనామిల్ అయితే పైన సున్నం కడిగితే పోయేది. సున్నం మీద సున్నం, ఒకటైపోయింది. అప్పుడు నా చేతులు చూశాడు. సున్నానికి వేళ్లు పగిలి ఎర్రగా ఉన్నాయి. ఇంట్లోకి పోయి కొబ్బరినూనె తెచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి, ఒక్కో వేలికీ రాశాడు. కొట్టి ఉంటే ఏడ్చేదాన్ని, మర్చిపోయేదాన్ని. రేపు బోనం ఎత్తుకోవాలి, చేతులు జాగ్రత్త అన్నాడు, అంతే. తర్వాత ఆయన బండల మీద కూడా ఏమీ గీయలేదు. రిటైరయ్యేదాకా అంకెలు రాసి, ఆ తర్వాత ఐదేళ్లకు పోయాడు.

ఇప్పుడు ఆ గల్లీలో బర్రెలు లేవు. కొట్టం జాగాలో మూడంతస్తులు, కింద షట్టర్లు. ఇత్తడి చెంబులు, పిడకలు, గోడలకు జాజు పట్టీ, ఏవీ లేవు. పోతే పోయాయి, ప్రపంచమంతా అంతేగా అనుకునేదాన్ని. పోయిన నెల మల్లమ్మ పెద్దమ్మ మనవడు జల్‌పల్లి నుంచి వచ్చాడు. కొత్తిల్లు కట్టుకున్నాడు, హాల్లో నాయనమ్మ ఫోటో పెట్టాలట.

"చిన్నత్తా, ఒక్క ఫోటో అన్న లేదా నీ తాన? మా ఇంట్ల ఏ పెండ్లి ఆల్బం చూసినా ఆమె లేదు."

ఎట్లా ఉంటుంది? అందరూ ఫోటోకు నిలబడే వేళకు ఆమె కొట్టంలో పాలు పిండుతుండేది. ఆమెను కూర్చోబెట్టి చూసిందీ గీసిందీ మా బాపు ఒక్కడే.

"లేదురా" అన్నాను.

"ఫోటో గాకుంటే బొమ్మ? చిన్నతాత గోడ మీద గీసిండటగా, గది ఏమైంది?" అన్నాడు వాడు.