గుడ్డ తిప్పే చోటు

ఆ సందులో అందరూ ఆమెను కూనిరాగం అనేవారు. కుట్టుమిషన్ ముందు కూర్చుందంటే ఇక నోరు ఊరుకోదు. కుట్టు తిన్నగా సాగితే పాటా సాగేది, దారం తెగితే పాటా తెగేది. బట్టలిచ్చి పోదామని వచ్చినవాళ్ళు గుమ్మంలోనే నిలబడిపోయి, పాట అయ్యాక ఏదో పని గుర్తొచ్చి నాలుక కరుచుకుని పరుగెత్తేవారు. పెళ్ళికి ముందు ఆమె భర్త కూడా అలా నిలబడిపోయినవాడే. ఒకే చొక్కాకి గుండీలు మళ్ళీమళ్ళీ తెంపుకుని తెచ్చేవాడని ఆమె అక్క ఇప్పటికీ ఆటపట్టిస్తుంది.

ఆయనది కళ్ళద్దాల దుకాణం. నెమ్మదస్తుడే, చెడు అలవాట్లు లేవని అందరూ చెప్పుకునేవారు. ఆ దుకాణానికి వచ్చే ఒక పెద్దమనిషి ఏ ముహూర్తాన తన ఇంటికి పిలిచి స్పీకర్లు వినిపించాడో గానీ, ఆనాటి నుంచి ఈయనకు మన లోకంతో పనిలేకుండా పోయింది. వీధివైపు గదిలోకి బీరువాలంత స్పీకర్లు వచ్చాయి. గోడలకు స్పాంజి, కిటికీలకు దుప్పట్లు, గది నడుమ ఒకే ఒక్క కుర్చీ. మిషన్ తొక్కితే నేల అదిరి రికార్డు మీద ముల్లు చెదురుతుందట. అందుకని ఆమె మిషన్‌ను తీసుకెళ్ళి పెరటి వసారాలో, బట్టలుతికే చప్టా పక్కన పెట్టారు. వానజల్లు కొడితే గౌనుల మీద గోనెపట్టా కప్పుకుంటూ కుట్టింది మహాతల్లి. నాలుగు రాళ్ళు తెచ్చే మనిషిని వసారాలోకి తోసి, ముల్లుకు గది ఇచ్చిన ఇల్లది.

పోనీ, అంత చేసి ఆయన పాట విన్నాడా అంటే, ఒక్క పాట చివరిదాకా విన్న పాపాన పోలేదు. కాస్త వినడం, ఆపడం, వైరు మార్చడం, మళ్ళీ మొదటికి రావడం. సెలవునాడు సాటి పిచ్చివాళ్ళు వచ్చి పరీక్ష రాసేవాళ్ళలా బిగుసుకుని కూర్చునేవారు. ఓసారి వాళ్ళకు నీళ్ళు ఇవ్వడానికి వెళ్ళింది.

"వయొలిన్ ఆయన ఈ వైరుతో కాస్త కుడివైపు జరిగినట్టున్నాడు," అన్నాడు ఒకడు.

"జరిగితే జరిగాడు, ఆయనకీ ఓ చాప వెయ్యమంటారా?" అంది ఆమె. ఎవరూ నవ్వలేదు. పాట నడుస్తుండగా మాట్లాడకూడదని భర్త కళ్ళెర్రజేశాడు.

ఇదంతా ఆమె భరించింది. మనిషి దారిలో పడతాడులే అనుకుంది. ఆ నమ్మకంతోనే తన తల్లి పాట ఉన్న క్యాసెట్‌ను ఆయన చేతిలో పెట్టింది.

తల్లిదీ ఇదే పని, ఇదే మిషన్. ఆవిడ కుట్టుకుంటూ పాడుతుంటే, అక్క చిన్నప్పుడు కిటికీలో టేప్‌రికార్డర్ పెట్టి దొంగతనంగా పట్టిన పాట అది. వెనకాల మిషన్ టకటక, కుళాయి ధార, నవ్వాపుకోలేని అక్క కిచకిచ, అన్నీ ఉండేవి. తల్లి పోయాక ఆ గొంతు మిగిలింది అందులోనే. టేపు అరిగిపోతుందన్న భయంతో ఆమె ఎప్పుడో గాని పెట్టుకునేది కాదు.

"నేను కంప్యూటర్లోకి ఎక్కించి శుభ్రం చేస్తాను, ఇక అరుగుదల ఉండదు," అన్నాడు ఆయన. ఈ వంకనైనా ఒక పాట మొత్తం వింటాడని ఆమె ఆశపడింది.

ఆదివారం మధ్యాహ్నం పిలిచి, ఎన్నడూ లేనిది, ఆ నడిమి కుర్చీలో ఆమెనే కూర్చోబెట్టాడు. అమ్మ గొంతు వచ్చింది. ఎంత స్పష్టంగా అంటే, ఊపిరి తీయడం కూడా వినిపించింది. కానీ చుట్టూ ఏమీ లేదు. ఖాళీ ఇంట్లో ఒక్కతే కూర్చుని పాడుతున్నట్టుంది. ఒక్కో చరణపాదం అయ్యాక నిశ్శబ్దం.

"మిషన్ ఏదండీ?"

"ఏ మిషన్?"

"అమ్మ తొక్కుతుంటుంది కదా."

"ఆ గోలా? మొత్తం తీసేశాను. నవ్వూ, నీళ్ళ చప్పుడూ కూడా." ఆయన ముఖం వెలిగిపోతోంది. "మధ్యలో ఇంకా ఖాళీలున్నాయి. మీ అమ్మగారు మాట మరిచిపోయి ఆగినట్టున్నారు. అవి కత్తిరించి అతికిస్తే అచ్చం రికార్డే."

"నా క్యాసెట్ ఇలా ఇవ్వండి."

ఇచ్చాడు. వంటింట్లో ఉన్న పాత టేప్‌రికార్డర్‌లో పెట్టి నొక్కింది. కూ అని ఒకటే మోత. ముందుకు తిప్పినా అదే, వెనక్కి తిప్పినా అదే.

"టేపు సరైన వేగంతో తిరుగుతోందో లేదో చూడ్డానికి దాని మీదే ఒక స్వరం ఎక్కించాల్సొచ్చింది," అన్నాడు వెనకాలే వచ్చి. "ఎలాగూ పాట మనదగ్గరుందిగా."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదా మరి? పాట ఉందట. ఇంట్లో ఇన్ని చెవులు కొనిపెట్టుకున్న మనిషికి, ఆ టకటకే పాటకు తాళమని వినిపించలేదు. అడగాలని కూడా తోచలేదు.

ఆమె ఏడవలేదు. వసారాలోకి వెళ్ళి మిషన్‌ను బరబరా ఈడ్చుకొచ్చి స్పీకర్ల మధ్య నిలబెట్టింది. కుట్టాల్సిన దిండు గలీబు ఒకటి తీసి సూది కింద పెట్టింది.

"నేల అదురుతుంది," అన్నాడు ఆయన.

"అదరనివ్వండి. పాట పెట్టండి."

ఆయన పాట పెట్టాడు. అమ్మ ఎత్తుకోగానే ఆమె తొక్కడం మొదలుపెట్టింది. మొదటి చరణంలో తడబడింది, చెయ్యి ముందు, పాట వెనక అయింది. రెండో చరణానికి కాలు తాళాన్ని దొరకబుచ్చుకుంది. ఒక పాదం పాడేసరికి గలీబుకు ఒక వైపు కుట్టు పడింది. అక్కడ అమ్మ ఆగింది. సూది కూడా సరిగ్గా మూలకు వచ్చి ఆగింది. ఆమె గుడ్డ తిప్పింది. అమ్మ మళ్ళీ అందుకుంది.

ఆయన కత్తిరిస్తానన్న ఖాళీలన్నీ అలాగే నిండాయి. పాట చివరిదాకా నడిచింది. ఆపడానికి లేచిన ఆయన చెయ్యి మీట దాకా వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

"అమ్మ ఏమీ మరిచిపోలేదండీ, గుడ్డ తిప్పుకుంటోంది," అంది ఆమె, దారం కొరికి. "ఆ ఖాళీల జోలికి మాత్రం పోకండి. మీరు నాకు మిగిల్చినవి అవే."