పై అంతస్తు ముందు సీటు

ఆవిడ పని పొడుగు పాంట్లను పొట్టి చేయడం, బిగుతు నడుములను వదులు చేయడం. రెడీమేడ్ బట్టల దుకాణం వెనకగదిలో, ఉన్న ఒక్క కిటికీ పక్కన, కుట్టుమిషను ముందు ఆవిడ సగం జీవితం గడిచింది. కొత్త బట్ట కుట్టే భాగ్యం ఎన్నడూ కలగలేదు. ఎవరో కుట్టినదాన్ని ఇంకెవరికో సరిపెట్టడమే చేతికొచ్చిన విద్య. భర్త సిటీ బస్సు డ్రైవరు. డిపోలో అందరూ ఆయన్ని గడియారం అంటారు. చాటున కాదు, మొహం మీదే అంటారు. ఆయన దాన్ని బిరుదుగా తీసుకున్నాడు.

పెళ్ళికి ముందు ఆవిడ ఆయన బస్సులోనే పనికి వెళ్ళేది. డ్రైవరు వెనక సీటు ఆవిడది. ఒక మెడ, రెండు చెవులు, అద్దంలో కళ్ళు. మనసు పారేసుకునే నాటికి ఆ మనిషి గురించి ఆవిడకు తెలిసింది అంతే. డ్రైవరుతో మాట్లాడరాదని బోర్డు ఉండేది కాబట్టి మాట్లాడుకోకుండానే ఇద్దరూ చాలా దూరం వెళ్ళారు. పెళ్ళయ్యాక ఆ బోర్డు ఊడబీకి తెచ్చి ఇంట్లో తగిలించారని ఆవిడ కూతురి దగ్గర వేళాకోళం ఆడేది. మనిషి మంచివాడే, మాటల దగ్గరే మహా పొదుపు.

ఇంకో చిక్కు కూడా ఉంది. వేరేవాళ్ళు నడిపే బండిలో ఆయన కూర్చోలేడు. కూర్చుంటే కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంటుంది. ఒకసారి అల్లుడి కారులో రెండు వీధులు దాటేలోపే దిగిపోయి, మిగతా దారంతా నడిచొచ్చాడు. అల్లుడు చాలాకాలం మొహం ముడుచుకున్నాడు కూడా. అందుకే వాళ్ళు ఎప్పుడూ ఏ ఊరూ వెళ్ళలేదు. ఆయన పక్కన కూర్చుని ప్రయాణం చేయడమన్నది ఆవిడ ఎరగదు. ఎప్పుడూ వెనక సీటే.

ఆ వేసవి మొదట్లో కంటి పరీక్ష చేస్తే, ఆయన కుడికన్ను ఒక అంచున మసకబారిందని తేలింది. ఇక స్టీరింగు పట్టకూడదన్నారు. కొన్నాళ్ళు సెలవు, ఆ తర్వాత డిపో ఆఫీసులో కూర్చుని డ్యూటీ చార్టులు రాయాలి. ఈ సంగతి ఆయన ఇంట్లో ఒక్క ముక్కలో చెప్పేసి స్నానానికి వెళ్ళిపోయాడు. మళ్ళీ దాని ఊసెత్తలేదు. భోజనానికి కూర్చుంటే మాత్రం ఖాళీ కంచాన్ని రెండు చేతులా పట్టుకుని అలాగే ఉండిపోయేవాడు. వడ్డించేదాకా కాదు, వడ్డించాక కూడా. అది చూసినప్పుడల్లా ఆవిడకు, డ్రైవరు సీటులోంచి దిగిన మనిషి ఇంకెక్కడా కూర్చోలేక, అలా నడిదారిలోనే నిలబడిపోతాడేమోనని భయం. ఇకపై బతుకంతా ప్రయాణికుడిగానే గడపాలి కదా, ఒక్కసారైనా ఆ కూర్చోవడమేదో పక్కన ఉండి నేర్పాలి అనుకుంది. పక్క నగరానికి వెళ్ళి రెండు రోజులు ఉండొద్దాం అంది. ఆయన కాదనలేదు.

ఇక ఎక్కడెక్కడికి వెళ్ళాలన్న ఆలోచన మొదలైంది. కూతురు ఫోనులో పంపిన పట్టిక చదువుతుంటేనే కాళ్ళు లాగాయి. మ్యూజియం, సరస్సు, పాత కోట, పూలతోట, గాజు వంతెన, ఇంకా బోలెడు. ఆవిడ దుకాణం నుంచి ఖాకీ కాగితం తెచ్చి నేలమీద పరిచింది. ఒక్కో చోటు పేరు రాసి ముక్కలుగా కత్తిరించి, ఉన్న గుడ్డలో జాకెట్టు ఇమిడేలా దర్జీ సర్దుకున్నట్టు, ఇటు జరిపి అటు జరిపి చూసింది. సరస్సును పొద్దున పెడితే ఎండ ఉండదు. కోటను సాయంత్రం పెడితే మెట్లమీద నీడ ఉంటుంది. కాగితం ముందు కూర్చునే పడవెక్కేది, వంతెన దాటేది, పూలతోటలో బెంచీ మీద చేరబడేది. ఏ ముక్కను ఎటు జరిపినా ప్రతిచోటా ఇద్దరూ పక్కపక్కనే ఉండేవారు. చూడబోయే ఊరికంటే ఆ కాగితం మీది ఊరే బాగుందని ఒక్కోసారి అనిపించి, దీపం వెయ్యడం కూడా మరిచిపోయేది.

ఒక సాయంత్రం ఆయన వచ్చి పక్కన చతికిలబడ్డాడు. ముక్కలన్నీ చూశాడు. జేబులోంచి పెన్సిలు తీసి, కోట నుంచి తోటకి ఇంతసేపు, అక్కడ ఆగేది ఇంతసేపు, మలుపు దగ్గర రద్దీకి ఇంకాస్త, అని రాసుకుంటూ పోయాడు. కొన్ని వారాలుగా లేని కళ ఆయన మొహంలో చూసి ఆవిడ అడ్డు చెప్పలేదు. అక్కడే పొరపాటు జరిగిపోయింది. విహారం కాస్తా డ్యూటీ అయి కూర్చుంది.

రైల్లో ఆయన తలుపు దగ్గర నిలబడే వచ్చాడు. నగరంలో మొదటి రోజు ఆవిడకు ఊపిరి సలపలేదు. బస్సెక్కితే ఆయన నేరుగా ముందుకెళ్ళి కుర్ర డ్రైవరు పక్కన నిలబడి, ఆ పిల్లవాడి గేర్లు, అద్దాలు, హారను అన్నీ కనిపెట్టుకుంటూ ఉండేవాడు. ఆవిడ ఒక్కతే సీటులో. సరస్సు దగ్గర నీళ్ళలో కాళ్ళు పెట్టి అబ్బ, హాయిగా ఉంది అనుకుందో లేదో, టైమైంది అన్నాడు. మ్యూజియంలో బొమ్మల ముందు నుంచి స్టాపులు దాటేసినట్టు దాటేశారు. పూలతోటలో పూలు ఏ రంగువో అడిగితే ఆవిడ ఇప్పటికీ తెలియదనే అంటుంది. చీకటి పడేవేళకి లాడ్జి గది చేరుకుని, ఒక్కచోట కూడా ఆలస్యం కాలేదని ఆయన తృప్తిగా అన్నాడు. ఆవిడ మంచం అంచున కూర్చుని చెప్పులు విప్పుకుంది. ఏడుపొచ్చింది గానీ ఆపుకుంది.

“ఏమండీ, ఇవాళ మనం ఏం చూశాం?”

ఆయన వరసగా చెప్పబోయాడు. కోట అన్నాడు, సరస్సు అన్నాడు, మూడోదాని దగ్గర ఆగిపోయాడు. కాసేపు చేతికేసి చూసుకుని, “వాచీ చూశాను,” అన్నాడు. నవ్వుతాడేమో అనుకుంది. నవ్వలేదు.

మర్నాడు పొద్దున ఆవిడ ఖాకీ కాగితాన్ని లాడ్జి సొరుగులోనే వదిలేసింది. ఎక్కడికి అని అడిగితే, ముందు ఎక్కుదాం రండి, అంది. వచ్చింది రెండంతస్తుల బస్సు. ఆయన అలవాటుగా ముందుకు కదిలాడు. ఆవిడ చొక్కా చెయ్యి పట్టుకుని మెట్లవైపు లాగింది. పై అంతస్తులో, అద్దానికి ఆనుకుని, ముందు సీటు ఖాళీగా ఉంది. అక్కడ స్టీరింగు లేదు, డ్రైవరు లేడు. ఎదురుగా అద్దమూ, అద్దం నిండా వీధీ.

మొదట్లో ఆయన ముందున్న కడ్డీని గట్టిగా పట్టుకున్నాడు, కాలూ ఊరుకోలేదు. అయినా పైనుంచి చూస్తుంటే వీధి పరిగెత్తడం లేదు, మెల్లగా వాళ్ళకింద నుంచి జారిపోతోంది. చెట్ల కొమ్మలు అద్దాన్ని రాసుకుని వెళ్తున్నాయి. మేడగదుల కిటికీలు మొహానికి మొహంగా వస్తున్నాయి. ఒక గదిలో ఎవరో గడ్డం గీసుకుంటున్నాడు, ఇంకో గదిలో ఒక పిల్ల మంచం మీద ఎగురుతోంది, మరో గదిలో ఎవరూ లేకుండానే తెర ఊగుతోంది. అందరి ఇళ్ళలోకీ చెప్పకుండా వెళ్ళొస్తున్నట్టుంది. ఆవిడకు ఇదంతా కాగితం మీది ఊరిలాగే ఉంది, కాకపోతే పక్కనున్న భుజం వెచ్చగా తగులుతోంది.

చాలాసేపటికి ఆయన, రోడ్డు వైపే చూస్తూ, మాట్లాడాడు.

“దిగిపొమ్మన్న రోజు ఏడవాలనిపించింది. ఆ తర్వాత ఇంకోటి అనిపించింది. హమ్మయ్య, ఎవరికీ ఏమీ కాకుండా దిగాను అని. అలా అనుకున్నందుకు సిగ్గేసి నీకు చెప్పలేదు.”

ఆవిడ ఆయన చేతిమీద చెయ్యి వేసింది. ఆయన కడ్డీ వదిలేశాడు. ఇన్నేళ్ళూ అద్దంలో వెనకవాళ్ళ నిద్ర మొహాలు చూస్తే కుళ్ళు పుట్టేదని చెప్పాడు. నోళ్ళు తెరుచుకుని, ఒకళ్ళమీద ఒకళ్ళు వాలిపోయి, ఎంత నమ్మకం వాళ్ళకి అనుకునేవాడట. నువ్వూ నిద్రపోయేదానివిలే అన్నాడు. తానెన్నడూ నిద్రపోలేదనీ, ఆయన మెడ చూస్తూ కూర్చునేదాన్ననీ ఆవిడ చెప్పింది. ఆ మాటకి ఆయన మెడ తడుముకున్నాడు, అక్కడేదో అంటుకుని ఉన్నట్టు.

ఎండ అద్దంలోంచి ఒళ్ళో పడుతోంది. మాట మధ్యలోనే ఆయన కళ్ళు మూతలు పడ్డాయి. తల ముందుకు వాలి, ఒకసారి ఉలిక్కిపడి నిలబడి, చివరికి ఆవిడ భుజం మీదకి ఒరిగింది. మ్యూజియం స్టాపు వచ్చింది. నిన్న సరిగ్గా చూడనిది ఇవాళ తీరిగ్గా చూద్దామని ఆవిడ మనసులో అనుకున్నదే. గంట మీటకి చెయ్యి చాచింది, మళ్ళీ వెనక్కి తీసుకుంది. మ్యూజియం వెళ్ళిపోయింది, తర్వాత గాజు వంతెన వెళ్ళిపోయింది. భుజం తిమ్మిరెక్కింది. ఇంత ఆనందం ఇంత తేలిగ్గా దొరుకుతుందని తెలియక ఎన్నేళ్ళు పోగొట్టుకున్నానా అని దిగులూ వేసింది.

బస్సు ఒక మలుపు తిరిగింది. ఆయన ఒక్కసారిగా లేచి కూర్చున్నాడు. కళ్ళు పెద్దవయ్యాయి, రెండు చేతులూ గాల్లో దేనికోసమో వెతుక్కున్నాయి.

“నిద్రపోయానా? బండి ఎవరు నడుపుతున్నారు?”

ఆవిడ ఆ చేతుల్ని అందుకుని కిందకి దించింది.

“ఎవరో అబ్బాయి. బాగానే నడుపుతున్నాడు. మీరు పడుకోండి.”

ఆయన ఆవిడ మొహంలోకి కాసేపు చూశాడు. చూసి, తల మళ్ళీ ఆ భుజం మీదే పెట్టుకున్నాడు.