గడప దగ్గర నీళ్ల చెంబు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీ నడుపుతాను. చేత్తో తడిమి, అంచు చూసి, కొలిస్తే గానీ ఏ బండా కొనను. మనుషులు చెప్పే కథలనూ అట్లాగే చూస్తాను. ఇది చదివి మీరు నవ్వినా నాకు కోపం రాదు.

మా మేనత్తకు పిల్లల్లేరు. మామ పోయాక నా దగ్గరే ఉండేది. ఆమె తాతను, అంటే మా ముత్తాతను, తెల్లదొరల కాలంలో అండమాన్‌కు పంపారు. బావి నీళ్ల వంతు కోసం గొడవపడి, కోపంలో దాయాదిని పారతో కొట్టాడట. ఆ మనిషి చచ్చిపోయాడు. ఈయన్ను ఓడ ఎక్కించాక ఏ కబురూ రాలేదు.

కబురు రాలేదు కాబట్టి ఆయన భార్య చచ్చేదాకా బొట్టు తీయలేదు. ఎవరూ తలకు నీళ్లు పోసుకోలేదు, తద్దినం పెట్టలేదు. చావు కబురు వినకుండా అవన్నీ చేస్తే బతికున్న మనిషిని చేతులారా చంపినట్టేనని ఆమె భయం. రోజూ దీపాలవేళ, వస్తే కాళ్లు కడుక్కుంటాడని గడప దగ్గర చెంబెడు నీళ్లు పెట్టేది. ఆమె తర్వాత మా అత్త పెట్టింది. చివరికి నా ఇంట్లోనూ పెట్టింది.

“ఓడ లేటంట లే అత్తా” అని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

పోయిన ఎండాకాలం అత్త ఒక కోరిక కోరింది. “నన్ను ఒక్కసారి ఆ సముద్రం కాడికి తీస్కపో నాయనా. ఆడ నిలబడి పిలుస్తా. పలక్కపోతే ల్యాడని తెలుస్తాది గదా.”

సరేనన్నాను. చెన్నై నుంచి అండమాన్‌కు విమానం, అప్పట్లో ఖైదీలను ఉంచిన జైలుకు దగ్గర్లో బస, అక్కణ్ణించి రాళ్ల ఒడ్డు వెంబడి కారు. అన్నీ ఫోన్‌లోనే చూసుకున్నాను. ఒక ఫొటోలో ఖైదీల కాళ్లకు వేసే ఇనుప కడ్డీ ఉంది. అది వేస్తే మనిషి పెద్ద అడుగు వేయలేడు. దాన్ని అత్తకు చూపించలేదు, సముద్రం మాత్రమే చూపించాను. ఆమె ఆ బొమ్మను వేలితో నిమిరేది. వేలు తగలగానే అది జరిగిపోయేది. మళ్లీ తెమ్మనేది.

ప్రయాణానికి ముందు కర్నూలులో డాక్టరుకు చూపించాను. ఆయన నన్ను పక్కకు పిలిచి, గుండె తట్టుకోలేదు, ఎక్కడికీ తీసుకుపోవద్దన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు కారులో అత్త, “బనగానపల్లె మామిడిపండ్లు తీసుకుందాం. ఆయప్పకు ఆడ యాడ దొరికింటాయి?” అంది. డాక్టరు మాట ఇంకా ఆమెకు చెప్పలేదు.

ఆ సాయంత్రం అత్తకు ఆయాసంగా ఉందని చెంబు నేనే పెట్టాను. నా భార్యా పిల్లలూ ఊళ్లో లేరు. ఇంట్లో మేమిద్దరమే. అత్త మంచం పక్కన స్టూలు వేసుకుని, గడపకు వీపు పెట్టి కూర్చున్నాను. ప్రయాణం లేదని చెప్పేయాలి. నోరు తెరిచాను.

“నీళ్ల సప్పుడైతాంది, సూడు” అంది అత్త. నాకూ వినిపించింది.

వెనక్కి తిరిగాను. చెంబు నిలబెట్టింది నిలబెట్టినట్టే ఉంది. నీళ్లు లేవు. గడప నుంచి లోపలికి నల్లబండ మీద తడి పాదాలు. నా పాదాలకన్నా పెద్దవి. అడుగుకూ అడుగుకూ మధ్య జానెడు కూడా లేదు. అట్లాగే వరసగా మంచం దాకా వచ్చి ఆగిపోయాయి. ఫోన్ తీసేలోపు ఆరిపోయాయి. మా ఎండలకు బండ మీద తడి ఎంతసేపుంటుంది?

అత్త నన్ను పట్టుకోకుండా మంచం దిగలేని మనిషి. నా కాళ్లు పొడిగా ఉన్నాయి.

పడుకునే ఉన్న అత్తకు చూసింది చెప్పాను. “లోపలికేనా? బయటికి పోల్యాదా?” అని అడిగింది.

“లోపలికేనత్తా.”

అత్త ఏడ్చింది. కంటితో చూడని తాత కోసం, శవం ఎదురుగా ఉన్నట్టే ఏడ్చింది. ఆమెను చూసి నేనూ ఏడ్చాను.

“లెయ్ నాయనా, తలకు నీళ్లు పోసుకో. నాకూ పొయ్యి. టికెట్లు వద్దులే ఇంగ. ఆయప్పే ఇంటికొచ్చినాడు గదా” అంది.

ఆమెను పెరట్లో కూర్చోబెట్టి నా చేతులతోనే తలకు నీళ్లు పోశాను. మర్నాటి నుంచి ఆమె చెంబు పెట్టలేదు. డాక్టరు మాట ఆమెకు చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

వానలు పడకముందే అత్త పోయింది. ఆ అడుగులు ఎవరివో, నీళ్లు ఏమయ్యాయో ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు. అత్తది కళ్లముందు జరిగిన చావు. చేయాల్సినవన్నీ పద్ధతిగా చేశాం. అయినా దీపాలవేళకు చెంబు నింపి గడప దగ్గర పెడుతున్నాను. పొద్దున చూస్తే నీళ్లు అట్లాగే ఉంటాయి.