గిర్దావర్ పేరు పక్కన దస్తఖత్

జనగామలో నేను బండెక్కింది ఒక రాయి కోసం. మా ఊళ్ళో రజాకార్ల కాలంలో చనిపోయిన వాళ్ళ పేర్లతో రాయి నిలబెట్టాలని పెద్దలు తీర్మానించారు. పేర్ల దగ్గర ఎవరికీ పేచీ లేదు. ఆ కొట్లాట ఎందుకు జరిగిందన్న దగ్గరే రెండు నెలలు మళ్ళీ కొట్లాట. భూమి కోసమని మా చిన్నాయన, రజాకార్ల దౌర్జన్యం మీద తిరగబడ్డామని సర్పంచి మనుషులు. చిన్నాయన గొంతు పెద్దది కాబట్టి 'భూమి కోసం జరిగిన పోరులో అమరులు' అన్న మాట కాగితం మీదికెక్కింది. నేను సోషల్ టీచర్ని కదా, చెక్కించుకొచ్చే పని నా నెత్తిన పడింది.

పేర్లలో చివరిది మహబూబ్ అలీ, గిర్దావర్. అంటే పొలాల కొలతలు, రైతుల దగ్గర వసూలు చేసే లెవీ ధాన్యం చూసే నిజాం సర్కారు ఉద్యోగి. ఆయన కూడా మన ఊరి మనిషే, పేరు ఉర్దూలో కూడా రాయించమన్నారు. రెండు భాషలూ చెక్కేవాళ్ళు హైదరాబాద్ పాతబస్తీలో దొరుకుతారు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. నా పదో ఏట ఒక పెళ్ళి భోజనాల దగ్గర ఎవరో మా నాన్నతో "గిర్దావర్‌ను చంపిచ్చింది మీ నాయనే గదా" అన్నాడు. నాన్న అన్నం సగంలో వదిలి లేచొచ్చాడు. తాత నేను పుట్టకముందే పోయాడు. ఆ మాట అబద్ధమని నాన్న ఎన్నడూ అనలేదు, నిజమనీ అనలేదు. ఇరవై ఏళ్ళుగా బళ్ళో ఆ పోరాటం పాఠం చెప్తున్నాను, గిర్దావర్ల మాట వచ్చిన చోట గబగబా దాటేస్తాను. గిర్దావర్ పిల్లలు హైదరాబాద్ శివార్లలోని జల్‌పల్లిలో ఉన్నారని చిన్నాయన ఫోన్ నంబరిచ్చి, కలిసి రమ్మన్నాడు. కలవకుండా రావాలన్నది నా ఆలోచన.

పుష్‌పుల్ రైలు ఆరున్నరకన్నారు, ఏడుకొచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. కాగితం తీసి తప్పులు చూసుకుంటుంటే ఎదుటి సీటాయన తొంగి చూశాడు.

"భూమి కోసమా? తప్పు రాసిన్రు మేడం. రజాకార్లు లేకుంటే లొల్లే లేకుండె."

పక్కనున్న చెక్స్ షర్టు ఆయన ఊరుకుంటాడా? "దొరలు, లెవీ లేకుంటే ఊర్లల్ల రజాకార్లకు పనేంది అన్నా?"

ఘట్‌కేసర్ దాకా ఒకటే వాదన. ఇద్దరికీ యాభై దాటవు. చూసింది ఒక్కరూ లేరు, కోపం మాత్రం నిన్న జరిగినట్టే ఉంది. నేను కాగితం మడిచి సంచిలో పెట్టి, పల్లీలు కొనుక్కున్నాను.

సికింద్రాబాద్‌లో తొమ్మిదిన్నరకు దిగి అఫ్జల్‌గంజ్ బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్. అక్కడ ఇంకో బస్సు మారి షాలిబండలో దిగేసరికి పదిన్నర దాటింది. రాళ్ళు చెక్కే దుకాణం సందులో మూడో ఇల్లు. గోరీల మీద పెట్టే పలకలు గోడకు వరుసగా ఆనించి ఉన్నాయి. చెక్కే ఆయన, రఫీక్ భాయ్, ముక్కు మీద తెల్లటి దుమ్ముతో కాగితం చదివాడు. ఒక్కో పేరు పక్కన ఆ ఇంటివాళ్ళ సంతకం ఉంది. ఊళ్ళో రేగిన గొడవ చూసి, మళ్ళీ ఎవరూ మాట మార్చకుండా చిన్నాయనే పెట్టించాడు.

"గీ ఆఖరి పేరు పక్కన ఏం లేదేంది?"

"వాళ్ళు ఊర్లో లేరు భాయ్. వాళ్ళకేం అభ్యంతరం ఉండదు."

"నీకు ఆళ్ళు జెప్పిన్రా?" అని కాగితం నా చేతిలో పెట్టాడు. "ఒక్కపారి చెక్కినంక తుడుస్తానంటే కాదు మేడం. ఎవల పేరుంటే ఆళ్ళింటోళ్ళ దస్తఖత్ ఉండాలె. మా అబ్బాజాన్ కాలం నుంచి గిదే పద్ధతి. పోయి పెట్టిచ్చుకరా, సాయంత్రం దాకా ఈడనే ఉంట."

బతిమాలాను. ఉలి తీసుకొని పనిలో పడ్డాడు. ఇక తప్పించుకునే దారి లేదు.

చాంద్రాయణగుట్టకు బస్సు, అక్కడి నుంచి జల్‌పల్లికి షేర్ ఆటో, ఇరవై రూపాయలు. ఆటోలో నాతో పాటు కంచన్‌బాగ్‌లో డ్యూటీ దిగి ఇంటికి పోతున్న ఒకామె ఉంది. నా ముఖం చూసి "తబియత్ మంచిగ లేదా అక్కా?" అని నీళ్ళ సీసా ఇచ్చింది. తాగి సీసా తిరిగిచ్చాను.

ఫోన్ చేస్తే గిర్దావర్ మనవడు బండి మీద ఎదురొచ్చి తీసుకెళ్ళాడు. రెండు గదుల కొత్త ఇల్లు, ఇంకా సున్నం వేయలేదు. మంచం మీద గిర్దావర్ కూతురు హమీదా బేగం, ఆమె తమ్ముడు యూసుఫ్ సాబ్ కూర్చున్నారు. ఊరి పేరు చెప్పగానే ఆమె నా చెయ్యి పట్టుకుంది. తాత పేరు చెప్పాను. చెప్పకుండా సంతకం అడగడం దొంగతనం అనిపించింది.

"ఆ, ఎరికే. మీ తాత మా ఇంటికి వచ్చిండు," అంది.

తీయబోయిన కాగితాన్ని మళ్ళీ సంచిలో పెట్టేశాను.

"పదిమందిని తీస్కొని వచ్చిండు. పొలాల కాయిదాలున్న పెట్టె వాకిట్ల పెట్టి కాలవెట్టిన్రు. తాళం మా అబ్బానే ఇచ్చిండు. నాకప్పుడు తొమ్మిదేండ్లు. నేను ఏడుస్తుంటే మీ తాత, బిడ్డను లోపటికి తీస్కపోండ్రి అన్నడు."

"మరి... మీ నాయన?"

"గది వేరే దినం బిడ్డా. యూనియన్ మిల్ట్రీ వచ్చినంక మేం బండి కట్టుకొని టేషన్‌కు పోతుంటే తొవ్వల అబ్బాను పట్టుకొని చంపిన్రు. ఆళ్ళు మన ఊరోళ్ళు కాదు. మీ తాత గప్పటికే జైల్ల ఉండె. పొద్దుగాల మేం ఎల్తుంటే మీ నాయనమ్మ జొన్నరొట్టెలు మూటగట్టిచ్చి, మా ఇంటాయన ఉంటే మిమ్ముల గిట్ల పోనియ్యకపోవు అని ఏడ్సింది. ఊరోళ్ళు రెండు దినాలను కలిపి ఒక్కటి జేసిన్రు, అంతే."

నేనూ ఏడ్చాను. ఆమే తన కొంగుతో నా ముఖం తుడిచింది. పల్లీలు తప్ప పొద్దున్నుంచి ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది. మనవడి భార్య అన్నం, పప్పు, మామిడికాయ తొక్కు పెట్టింది. సిగ్గు లేకుండా రెండుసార్లు వడ్డించుకున్నాను.

తింటుండగానే అక్కాతమ్ముళ్ళకు లొల్లి మొదలైంది. కాగితం చదివిన యూసుఫ్ సాబ్ "భూమి ఏంది? మేం ముసల్మాన్లమని చంపిన్రు. గది కొట్టేయ్" అన్నాడు.

"నీకప్పుడు మూడేండ్లురా. అమ్మ సంకల ఉన్నవ్."

"అమ్మనే చెప్పింది ఆపా!"

"అమ్మ బండి దినం నుంచి చెప్పింది. నేను పెట్టె దినం నుంచి చెప్తున్న. అబ్బా గింజలు కొలుసుకపోయిన ఇండ్లోళ్ళు ఇంకా ఎన్కటి నుంచి చెప్తరు. లొల్లి ఎవలింటికి ఏ దినం వచ్చిందో, ఆళ్ళు గా దినం నుంచే మొదలు పెడ్తరు. నువ్వెట్ల ఒప్పుకుంటవ్, నేనెట్ల ఒప్పుకుంట?"

ఆయన ఒప్పుకోలేదు. డెబ్బై ఏళ్ళకు పైగా ఒకే ఇంట్లో ఈ వాదన నడుస్తోందట, మనవడు నవ్వుతూ చెప్పాడు. రాయి మీది 'భూమి కోసం' వాక్యం బదులు 'ఆ దినాలలో పోయిన మన ఊరివాళ్ళు' అని రాస్తే ఇద్దరూ ఊరుకుంటామన్నారు. చిన్నాయనకు ఫోన్ చేశాను. పావుగంట తిట్టాడు. పెట్టె తాళం సంగతి, జొన్నరొట్టెల సంగతి, గిర్దావర్ పోయిన దినం తాత జైల్లో ఉన్న సంగతి చెప్తే ప్రతి మాటా రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత "నాయన చెయ్యి లేదన్నట్టే గదా బిడ్డా?" అన్నాడు. ఆయనకూ అదే భయమని నాకెన్నడూ తెలియదు. "లేదు చిన్నాయనా" అన్నాను. "అయితే ఆళ్ళు చెప్పినట్టే రాపియ్యి."

హమీదా బేగం ఉర్దూలో మెల్లగా దస్తఖత్ పెట్టింది. దాని కింద తమ్ముడు కూడా పెట్టాడు, ఇంకా గొణుగుతూనే. నాలుగింటికి రఫీక్ భాయ్‌కి కాగితం అందించాను. ఒక్కో సంతకం మీద వేలు పెట్టి చూసి, పదిహేను రోజుల్లో రమ్మన్నాడు. ఆ వీధిలో నిలబడి తాగిన చాయ్ లాంటిది ఈ మధ్య తాగలేదు.

ఆరింటి బండి జనంతో కిటకిటలాడుతోంది. గుడిమల్కాపూర్‌లో బంతిపూలు కొని జనగామలో అమ్మే ఒక పెద్దమ్మ, మూట మీద చెయ్యి వేసి, నిలబడి ఉన్న నా ముందు కూర్చుంది. ఏం పని మీద వచ్చావని అడిగితే రాయి సంగతి చెప్పాను.

"ఏం భూమి బిడ్డా? మా అత్తగారి ఊర్ల ఇద్దరు దొరలు పంచాది పెట్టుకుంటే ఊరంత అండ్ల పడ్డది. గా కాయిదాలు కాలవెట్టినోళ్ళే మస్తు ఆగం జేసిన్రు."

"ఆ కాయిదాలు కాలబెట్టినోళ్ళల్ల మా తాత ఒకడు పెద్దమ్మా," అన్నాను. ఈ మాట పరాయి మనిషితో అనడం నా జన్మలో అదే మొదలు.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. పూలమూట పక్కకు జరిపి, "అట్లనా? ఇటొచ్చి కూసోని చెప్పు మరి," అంది.

జనగామ వచ్చేదాకా చెప్పాను.