అవ్వ మూర

మొన్న హిందూపురం మార్కెట్లో కనకాంబరాలు కొంటుంటే, పూలమ్మే అమ్మాయి దండను వేలి కొస నుంచి మోచేతి దాకా చాచి మూర కొలిచింది. నా చూపు పూల మీద లేదు, ఆ మోచేతి మీదే ఉంది. కొంచెం ముడిచిందేమో, దండ కొస నిజంగా అక్కడి దాకా వచ్చిందో లేదో! ఈ జబ్బు నాకు మా అవ్వ నుంచి అంటుకుంది. పాలలో నీళ్లు వెతికే మనిషి ఆమె. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు తొందరపెడితే ఆయన గడియారాన్నే అనుమానించేది.

కొన్నేళ్ల కిందట పెనుకొండలో మా చెల్లెలి పెండ్లి. మంటపాలు అలంకరించేవాళ్లు ఫోనులో చూపించిన, పేరు కూడా తెలియని పూల ధర విని నాయన మంచం మీద కూలబడ్డాడు. చెల్లెలికి మాత్రం ఒకటే కోరిక: ధర్మవరం నుంచి వచ్చే మగపెండ్లివాళ్ల ముందు చిన్నబోకుండా, పందిరి నాలుగు గుంజలూ కింది నుంచి పైదాకా పూలతో నిండాలి. అది కార్తీకం, బంతీ చేమంతీ విరగబూసే కాలం. బస్టాండు దగ్గర పూలమ్మే సాయబులామె వచ్చి, "సోమందేపల్లి తోటల్లోంచి తెస్తా అన్నా, మీ ఇంట్లోనే కూర్చోని కడతా" అని నాయనకు ధైర్యం చెప్పింది. గుంజకు ఎన్ని మూరలు పడతాయో తన చేత్తోనే కొలిచి చూసుకుంది. ధర కూడా మూరకింత అని, చాలా తక్కువ చెప్పింది.

ఆ తక్కువే అవ్వకు మింగుడు పడలేదు. నిన్నటి పూలకు నీళ్లు చల్లి తెస్తుందా? పలచగా కట్టి మాయ చేస్తుందా? నేనూ తక్కువ తినలేదు. పెండ్లి ముందురోజు గంప దిగగానే అడుగుదాకా చెయ్యి పెట్టి చూశాను. అన్నీ తాజా పూలే. అంత తాజాగా ఉండటం కూడా నాకు అనుమానంగానే తోచింది. పూలామె మొదటి దండ కట్టి కొలవబోతుంటే అవ్వ అడ్డుపడింది.

"ఆగమ్మా. నీ చెయ్యి వద్దు. మూర నా చేత్తోనే."

పూలామె అవ్వ చేతి వైపు చూసింది. ఏదో అనబోయి ఆగి, "సరే అవ్వా, నీ ఇష్టం" అని నవ్వింది. ఆ నవ్వు వెనక ఏదో మతలబు ఉందని నాకు గట్టిగా అనిపించింది. సాయంత్రం దాకా అవ్వ కొలుస్తూనే ఉంది, నేను పూలామె వేళ్లకు కాపలా కాస్తూనే ఉన్నాను.

పెండ్లినాటి పొద్దున మూడు గుంజలు నిండాయి. నాలుగోదానికి పూలు సగం దాకా కూడా రాలేదు. మగపెండ్లివాళ్ల బస్సు దగ్గరికొచ్చేసిందని ఫోను. తలంటుకుని వచ్చిన చెల్లెలు ఆ బోసి గుంజను చూసి ఏడుపు మొదలుపెట్టింది.

"చూసినారా, ఎట్ల ముంచిందో!" అని అవ్వ వీధంతా వినబడేలా అరిచింది. నిలదీసి వద్దామని నేను చెప్పులేసుకున్నాను. గేటు దగ్గరే పూలామె ఎదురైంది, నెత్తిన గంపతో.

"యాడికి పోతాండావు పాపా? ఇదో, తగ్గిన పూలు తెచ్చినా."

"తగ్గుతాయని నీకు ముందే తెలుసా?"

"గుంజల లెక్క నా చేతిది, అవ్వ చెయ్యి పొట్టిది గదా. మూరకు నాలుగు వేళ్లు తక్కువొస్తాండాది. నిన్న చెప్తే మీరు నమ్ముతారా? అందుకే మిగతావి ఇంటికాడ కట్టినా."

మేం నమ్మేవాళ్లం కాదు, అది నిజం. వీటికి ఆమె ధర కూడా అడగలేదు. అవ్వ అప్పుడైనా ఊరుకుందా? పూలామెను అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకుని, గంపలోంచి దండ తీసి, ఆమె చేతిని ఒళ్లోకి లాక్కుని, దాని మీద పరిచి చూసింది. సరిగ్గా మోచేతి దాకా వచ్చింది. అవ్వ ఆ చేతిని చాలాసేపు వదల్లేదు. "తిని పో" అంది చివరికి. క్షమించమనడానికి అవ్వకు వచ్చిన మాట అదొక్కటే. సిగ్గుతో తల వంచుకున్న నాకు ఆ మాట కూడా రాలేదు.

ఇప్పుడు అవ్వ లేదు. పూలామె ఏ ఊరికి పోయిందో ఎవరికీ తెలియదు. మొన్న హిందూపురం అమ్మాయి నా చూపు పసిగట్టి, "నమ్మకం లేకుంటే నీ చేత్తోనే కొల్చుకో అక్కా" అంది.

"వద్దమ్మా, నీ చేత్తోనే" అన్నాను. ఆ మాట అనవలసిన మనిషితో అనే కాలం మాత్రం ఎప్పుడో దాటిపోయింది.