గాలి ఆడని గది

ఆ వీధిలో ఆవిణ్ణి అందరూ మిషనక్క అనే పిలిచేవారు. పొద్దున్నే మొదలైన కుట్టుమిషను చప్పుడు దీపాలు పెట్టేవేళ దాకా మేడమీది వాటాలోంచి వినబడుతూనే ఉండేది. మధ్యలో ఆగిందంటే తమ్ముడి ఇంజెక్షన్‌కు వేళయిందన్నమాట.

తమ్ముడు ఆవిడకన్నా బాగా చిన్నవాడు. నిక్కర్ల వయసులోనే వాడికి షుగరు వచ్చింది. మాత్రలతో లొంగే రకం కాదు, రోజూ ఇన్సులిన్ పడాల్సిందే. అమ్మ పోయాక ఆ సూది మిషనక్క చేతికొచ్చింది. సంబంధాలు రాకపోలేదు. వచ్చినవాళ్లు తమ్ముడి సంగతి ఎత్తగానే ఆవిడ మాట తుంచేసేది. చివరికి వాళ్లూ రావడం మానేశారు. వాడికి మీసాలొచ్చాయి, వీధి మొదట్లో వాచీలు బాగుచేసే చిన్న కొట్టు పెట్టుకున్నాడు. అయినా సూది మాత్రం ఆవిడే వేసేది. "నాకూ వచ్చక్కా" అంటే, "నీకు వాచీలొచ్చు, అది చాల్లే" అని నోరు మూయించేది.

సరిహద్దులో గొడవలు మొదటిసారి రేగినప్పుడు ఊళ్లోకి లారీలు రావడం ఆగిపోయింది. కొద్ది రోజులే. ఆ కొద్ది రోజుల్లోనే మందుల షాపు అరలు బోసిపోయాయి. షాపాయన పెదవి విరిచి "లేదమ్మా" అన్నాడు. మిషనక్క అక్కడే మెట్టుమీద కూలబడిపోయింది. తర్వాత దార్లు తెరిచారు, లారీలొచ్చాయి, జనం ఆ సంగతే మరిచిపోయారు. ఆవిడ మాత్రం మరవలేదు. ఆ "లేదమ్మా" చెవిలో గూడు కట్టుకుంది.

అప్పట్నుంచి ఇంట్లో వెనక గది నిండడం మొదలైంది. బియ్యం, పప్పులు, ఉప్పు, పంచదార, అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు. కూరగాయల్ని చక్రాలుగా తరిగి మేడమీద చీర పరిచి ఎండబెట్టి డబ్బాల్లో పోసేది. వాన నీళ్లకు డ్రమ్ములు పెట్టింది. పగిలిన బకెట్లలో మట్టిపోసి ఆకుకూరలు వేసింది. కరెంటు మోటారు తీసేసి మిషనుకు మళ్లీ కాలితొక్కుడు పెట్టించింది. ఫ్రిజ్ పై అర మొత్తం ఇన్సులిన్ సీసాలే.

"యుద్ధానికి పోతున్నావా ఏంటే?" అని నవ్వేది కింది వాటా పెద్దమ్మ.

"పోయేవాళ్లు పోతారు పెద్దమ్మా. మిగిలేవాళ్లం మనమేగా" అనేది మిషనక్క, నవ్వకుండా.

తమ్ముడైతే సరేసరి. "అక్కా, అన్నీ కొన్నావు. ఒక మొగుణ్ణి కూడా తెచ్చి డబ్బాలో పోసి మూతపెట్టు. కరువులో తీసుకోవచ్చు." ఆవిడ చేతిలో టేపు ఉంటే దాంతోనే ఒకటి తగిలేది.

రెండోసారి గొడవలు రేగినప్పుడు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. ముందు దార్లు మూశారు. తర్వాత కరెంటు పోయింది, మళ్లీ రాలేదు. ఎండాకాలం నెత్తిమీద కూర్చుంది. కొళాయి ఎప్పుడో ఒకసారి సన్నటి ధార విడిచి, ఉస్సురని ఆగిపోయేది. వీధంతా గగ్గోలు పెడుతుంటే మిషనక్క గుండె మాత్రం విచిత్రంగా కుదుటపడింది. ఇన్నాళ్లూ భయపడిన మనిషికి, భయపడ్డదే ఎదురొస్తే ఒక రకమైన ధైర్యం వస్తుంది కాబోలు.

ఫ్రిజ్ చచ్చిపోయిందని ఆవిడ బెంబేలు పడలేదు. పెద్ద మట్టికుండలో ఇసుక పోసి, అందులో చిన్న కుండ దింపి, దాంట్లో సీసాలు పెట్టి, పైన తడిగుడ్డ కప్పింది. బాల్కనీలో గాలి తగిలేచోట పెట్టి రోజూ ఇసుక తడిపేది. లోపల చెయ్యి పెడితే చల్లగా ఉండేది. తమ్ముడు సీసా బుగ్గకు ఆనించుకుని, "అబ్బ, నన్ను కూడా ఇందులో కూర్చోబెట్టవే" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ వేసవిలో ఇద్దరూ కలిసి నవ్వింది అదే ఆఖరు.

కింది పెద్దమ్మ గిన్నె పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. కూతురూ, మనవరాళ్లూ ఆవిడ దగ్గరే చిక్కుకుపోయారు.

"ఒక గ్లాసు బియ్యం ఉంటే చూడవే అమ్మా. పిల్లలు నిన్నటినుంచి గంజి కూడా..."

మిషనక్క తలుపు సగమే తీసింది. ఇవాళ గ్లాసు ఇస్తే రేపు వీధంతా వరస కడుతుందన్న ఒక్క ఆలోచనే ఆవిడ బుర్రలో ఉంది. "మాకే లేవు పెద్దమ్మా" అంది. పెద్దమ్మ ఒక క్షణం ఆ తలుపు వంకే చూసి, గిన్నె కొంగుచాటున దాచుకుని దిగిపోయింది. కుర్చీలో కూర్చున్న తమ్ముడు తల ఎత్తలేదు. ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు.

తర్వాత పక్క వీధిలో ఎవరింట్లోనో దొంగలు పడ్డారని తెలిసింది. బాల్కనీలో పెట్టిన వంట సిలిండరు కూడా లాక్కుపోయారట. మిషనక్క ఆ రోజే కుండను బాల్కనీలోంచి వెనక గదిలోకి మార్చేసింది. ఆ గది కిటికీకి బయటివాళ్లకు ఏమీ కనబడకుండా ముందే చెక్కలు కొట్టి ఉంచింది. నీళ్లు కూడా అడుగంటుతున్నాయి కాబట్టి ఇసుక తడపడం తగ్గించింది. తాగే నీళ్లు మట్టిపాలు చేస్తామా అనుకుంది.

తమ్ముడికి దాహం పట్టుకుంది. చెంబుల కొద్దీ తాగేవాడు, తాగినదంతా మళ్లీ పోసేవాడు. డ్రమ్ము కళ్లముందే తగ్గిపోతోంది. వాడు తగ్గిపోతున్నాడు. చొక్కా భుజాలమీంచి జారిపోతోంది. షుగరు చూసే మిషను ఉంది గానీ, దాంట్లో పెట్టే పట్టీలు ఎప్పుడో అయిపోయాయి. ఆవిడ మందు కొంచెం పెంచి వేసింది. దాహం తగ్గలేదు. ఇంకొంచెం పెంచింది.

ఆ రోజుల్లోనే వెనక గదిలో పంచదార డబ్బా మూత తీసి చూస్తే, సగానికి సగం ఖాళీ. బియ్యం బస్తా కూడా ఆవిడ అనుకున్నదానికన్నా కుంగి ఉంది. ఒక్కసారిగా ఆవిడకు అంతా అర్థమైనట్టు అనిపించింది.

"ఒరేయ్, నిజం చెప్పు. పంచదార తింటున్నావా?"

వాడు మంచంమీద పడుకుని ఉన్నాడు. "లేదక్కా."

"మరి డబ్బాకు కాళ్లొచ్చాయా? ఇంట్లో ఉన్నది మనమిద్దరం. నేనా తిన్నది?"

వాడు గోడవైపు తిరిగాడు.

"నీకోసం ఇంత చేస్తే, నువ్వు దొంగతిండి తిని చస్తావా? మాట్లాడవేం?"

"నేను తినలేదక్కా" అన్నాడు వాడు మళ్లీ. అంతే. ఇంకొక్క ముక్క అనలేదు. ఆ మౌనం ఆవిడకు ఒప్పుకోలులాగే కనబడింది. గదికి తాళం వేసి, తాళంచెవి దారానికి కట్టి మెళ్లో వేసుకుంది. రోజూ సూది వేసేటప్పుడు తప్ప వాడితో మాట్లాడటం మానేసింది. వాడు చెయ్యి చాపేవాడు, ఆవిడ పొడిచేది, సీసా తీసుకెళ్లి మళ్లీ కుండలో పెట్టి తాళం వేసేది.

ఒక పొద్దున వాడు లేవలేదు. వాంతి చేసుకుని ఉన్నాడు. పరిగెత్తినవాడిలా లోతుగా, గబగబా ఊపిరి తీస్తున్నాడు. ముగ్గిన పళ్లలాంటి తియ్యటి వాసన వాడి నోట్లోంచి వస్తోంది. పిలిస్తే కళ్లు తెరిచాడు గానీ, ఆవిణ్ణి గుర్తుపట్టలేదు.

మిషనక్క చెప్పులు కూడా లేకుండా పక్క సందులో ఉండే కాంపౌండర్ దగ్గరికి పరిగెత్తింది. ఆయన వచ్చాడు, వాడి కనురెప్పలు ఎత్తి చూశాడు, నాడి పట్టుకున్నాడు. "ఇంజెక్షన్ మానేశారా?"

"ఒక్కపూట మానలేదండీ. పెంచి మరీ వేశాను."

"మందేదీ?"

ఆవిడ తాళం తీసింది. తలుపు తియ్యగానే లోపలి వేడి ఆయన మొహానికి కొట్టింది. ఆయన కుండలో చెయ్యి పెట్టి, సీసా తీసి, అరచేతిలో పట్టుకుని అలా నిలబడిపోయాడు. కిటికీకి కొట్టిన చెక్కల వంక చూశాడు.

"గాలి ఆడకపోతే కుండ ఎలా చల్లబడుతుందమ్మా? మందు ఉడికిపోయింది. నువ్వు ఇన్నాళ్లూ వాడికి ఎక్కించింది ఉత్త నీళ్లు."

సీసాలు నిండుగా ఉన్నాయి. తేటగా ఉన్నాయి. చూస్తే ఏ లోపమూ కనబడదు. ఏది ముట్టుకున్నా వెచ్చగానే ఉండే ఆ ఎండల్లో సీసా వేడి ఆవిడకు వేరుగా తెలియలేదు. ఆవిడ గుమ్మం పట్టుకుంది.

ఆస్పత్రి వంతెన అవతల ఉంది. పెట్రోలు దొరక్క ఊళ్లో మోటారు బండి ఒక్కటీ తిరగడం లేదు. కాంపౌండర్ కిందికి వెళ్లి కేకేశాడు. పళ్ల బండి మామ తన తోపుడు బండి తెచ్చి మెట్ల దగ్గర పెట్టాడు. బండి ఖాళీ అయి చాలా కాలమైంది. పెద్దమ్మ తన పరుపు తెచ్చి దానిమీద పరిచింది. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. నలుగురూ తలా చెయ్యి వేసి వాణ్ణి దించారు. మామ తోస్తున్నాడు, కాంపౌండర్ వాడి తల పట్టుకున్నాడు, పెద్దమ్మ గొడుగు పట్టుకుని వగరుస్తూ పక్కన నడుస్తోంది. ఎండకు రోడ్డు మెత్తబడి చక్రాలు అంటుకుంటున్నాయి. మిషనక్క వాడి పాదాలు పట్టుకుని నడుస్తోంది. ఆ పాదాలు చల్లగా తగిలినప్పుడల్లా ఒకసారి వాడి మొహం చూస్తోంది.

వంతెన దగ్గర కాపలావాళ్లు ఆపారు. "బండ్లు పోనివ్వం. మనుషులైతే పొండి."

మిషనక్క చేతులెత్తి దణ్ణం పెట్టింది. పెద్దమ్మే ముందుకొచ్చింది. "దీన్ని బండి అంటావేంటి నాయనా? దీనిమీద ఉన్నది మా పిల్లాడు. ఇది మంచం. మంచానికి కింద చక్రాలుంటే మా తప్పా? తప్పుకో!"

కాపలావాడు ఒకసారి వాడి మొహం చూసి అడ్డుకర్ర ఎత్తాడు.

ఆస్పత్రి వరండా దాకా జనమే. డాక్టరమ్మ చిన్న పిల్ల, మొహం పీక్కుపోయి ఉంది. వాడి నోటి వాసన చూడగానే లోపలికి తీసుకెళ్లమంది. సెలైన్ పెట్టారు. ఉన్న ఇన్సులిన్ కొంచెమే. "ఇది ఎంతమందికి సర్దాలో నాకే తెలీదమ్మా" అంటూనే సిరంజిలోకి ఎక్కించింది.

వరండాలో నేలమీద కూర్చున్నప్పుడు మిషనక్క తనలో తాను అనుకుంటున్నట్టుగా అంది, "పంచదార తింటున్నాడని తిట్టాను పెద్దమ్మా. దొంగ అన్నట్టే మాట్లాడాను."

పెద్దమ్మ ఆవిడ దగ్గరికి జరిగింది. "తినలేదే. మాకిచ్చాడు. బియ్యమూ, పంచదారా సంచిలో పోసి వెనక పిట్టగోడమీంచి తాడుతో దించేవాడు. అక్కకు చెప్పొద్దు పెద్దమ్మా, భయపడుతుంది అన్నాడు. నువ్వు తాళం వేశాక ఆగిపోయింది."

మిషనక్కకు ముందు వచ్చింది కోపమే. తన గదిలోంచి, తనకు తెలియకుండా! ఆ కోపంతోనే లేచి నాలుగడుగులు వేసి, గోడకు తల ఆనించి, చుట్టూ అంతమంది ఉన్నారని కూడా చూడకుండా భోరుమని ఏడ్చింది.

వాడు బతికాడు. ఆ రోజంతా, మర్నాడు కూడా అటూ ఇటూ కొట్టుమిట్టాడి, సాయంత్రానికి "అక్కా, నీళ్లు" అన్నాడు. కానీ చూపు మసకబారింది. ఎప్పట్నుంచో లోపల దెబ్బతింటూ వచ్చిన కళ్లేనట, ఈ దెబ్బకు తట్టుకోలేకపోయాయన్నారు. కొన్నాళ్లకు తేరుకోవచ్చేమో అన్నారు. తేరుకోలేదు. కంటికి భూతద్దం పెట్టుకుని వెంట్రుకంత స్ప్రింగు పట్టుకునేవాడికి ఇప్పుడు ఎదురుగా ఉన్న మనిషి ఆడో మగో మాత్రం తెలుస్తోంది. వాచీల కొట్టు మూతపడింది.

దార్లు తెరిచారు. కరెంటు వచ్చింది, పోతోంది, వస్తోంది. మిషనక్క వెనక గది కిటికీ చెక్కలు తనే ఊడబీకింది. మేకులు గుచ్చుకుని చేతులు నెత్తురోడాయి. అంతమాత్రాన ఆవిడ మారిపోయిందంటే అబద్ధమే. ఇప్పటికీ బియ్యం పోస్తుంది, కూరగాయలు ఎండబెడుతుంది. భయం ఎక్కడికీ పోలేదు. ఇన్సులిన్ మాత్రం కాంపౌండర్ ఇంట్లో, వీధివాళ్లంతా కలిసి బ్యాటరీ పెట్టించిన చిన్న ఫ్రిజ్‌లో ఉంటుంది. అక్కడ ఇంకా ఇద్దరు ముగ్గురి సీసాలున్నాయి. బతుకంతా ఇంకొకరి ఇంట్లో పెట్టి వచ్చినట్టుంటుంది ఆవిడకు. కరెంటు పోయినప్పుడల్లా మిషను ఆపేసి గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది.

ఒక మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అడిగింది. ఇన్నాళ్లూ అడగలేకపోయిన మాట.

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్తే ఇవ్వనిచ్చేదానివా?"

"లేదు."

"మరింకేం?"

వాడి చెయ్యి కంచంమీద తడుముతోంది. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని, అన్నం ఎక్కడుందో, కూర ఎక్కడుందో, మంచినీళ్ల గ్లాసు ఎక్కడుందో ఒక్కొక్కటే తాకించి చూపించింది.